సముద్ర సమాచారం జాలరికి అందుతున్నదా?

కాచిగూడ స్టేషనులో రైలు దిగి, విశ్వవిద్యాలయ ప్రాంగణం దాటి తార్నాక చేరి, అక్కడినుండి ఉప్పల్ దారిలో మరికొంత దూరం పోయిన విద్యార్థికి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కనబడుతుంది. 1961లో నెలకొన్న ఈ సంస్థలో దూరదేశాల భూకంపాలను సైతం నమోదు చేసే పరికరాలున్నవి. అక్కడికి సముద్రం ఎంత దగ్గర దారిన కొలిచినా రెండున్నర వందల కిలోమీటర్లకు పైనే. అయినా హిందూ మహాసముద్రపు అడుగున భూమి కదిలితే, ఒడ్డున ఉన్నవానికంటె ముందుగా ఆ కదలిక ఈ నగరానికి తెలుస్తుంది.

2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దీవి సమీపాన సముద్రగర్భంలో మహాభూకంపం సంభవించింది. భూకంపపు తొలి తరంగం భూమి లోపలి నుండి సెకనుకు సుమారు ఎనిమిది కిలోమీటర్ల చొప్పున ప్రయాణం చేస్తుంది. హైదరాబాదుకు, ఆ స్థలానికి నడుమ దూరం ఇంచుమించు 2,450 కిలోమీటర్లు. భాగించి చూస్తే అయిదు నిమిషాలు. సముద్రపు అల అంత వేగంగా రాలేదు. అది లోతైన నీటిలో గంటకు ఆరేడు వందల కిలోమీటర్ల వేగంతో నడిచి, సుమారు రెండున్నర గంటలకు ఆంధ్ర తీరాన్ని తాకింది. ఆనాడు మార్గశిర పౌర్ణమి. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో సముద్రస్నానానికి వచ్చినవారు నీటిలో ఉన్నారు. ఆంధ్ర తీరం పొడుగునా ఆనాడు నూరుమందికి పైగా మరణించారు.

అయిదు నిమిషాలకూ, రెండున్నర గంటలకూ మధ్య ఉన్న కాలం చిన్నది కాదు. మంగినపూడి ఒడ్డున ఉన్నవారు నడిచి ఇల్లు చేరడానికి అది సరిపోయేది. కాని భూకంపాన్ని గురించిన వార్తను సముద్రాన్ని గురించిన వార్తగా మార్చే ఏర్పాటు ఆనాడు హిందూ మహాసముద్ర దేశాలలో లేదు. పుదుచ్చేరి సమీపాన నల్లవాడు అనే జాలరుల ఊరు మాత్రం ఆ ఉదయం ప్రాణాలతో బయటపడింది. సింగపూరులో ఉన్న ఆ ఊరి యువకుడొకడు టెలివిజనులో వార్త విని ఇంటికి టెలిఫోను చేశాడు. ఊరిలో ఒక సమాచార కేంద్రం, దానికొక మైకు ఉండడంవల్ల ఆ మాట క్షణాలమీద ఊరంతా పాకింది. జనం ఇండ్లు విడిచి లోపలికి పరుగెత్తారు. ఆ ఊరిని కాపాడింది గొప్ప పరికరమేమీ కాదు. వేళకు చేరిన ఒక మాట, దానిని అందుకొనడానికి ముందే సిద్ధంగా ఉన్న ఒక మైకు.

ఆ ఉపద్రవం తరువాత దేశం ఊరక కూర్చొనలేదు. 1999లోనే హైదరాబాదులో నెలకొన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో 2007 అక్టోబరు 15వ తేదీన సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ప్రారంభమయింది. నగరానికి వాయవ్యాన ప్రగతినగర్‌లో ఉన్న ఈ కేంద్రానికి సాగరగర్భంలో నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలనుండి, తీరంలోని పోటుపాటుల కొలమానాలనుండి, కృత్రిమ ఉపగ్రహాలనుండి ఎడతెగక సమాచారం వస్తూ ఉంటుంది. చేపలు దొరికే తావులు, అలల ఎత్తు, గాలి, నీటి ప్రవాహం, ఉప్పెన, సునామీ మొదలైన విషయాలపై ప్రకటనలు ఇక్కడినుండి వెలువడుతున్నవి. శాస్త్రదృష్టితో చూస్తే ఇది మెచ్చుకొనదగిన కృషి. అయితే సమాచార సేవను ఎంత కొలిచారు, ఎంత పంపారు అనే లెక్కతోనే తూచరాదు. దాన్ని విన్నవాడు ఏమి చేయగలిగాడు అనేదే అసలు తూనిక. ఆ తూనికతో ఈ సేవలలో ముఖ్యమైన మూడింటిని పరిశీలించడం అవసరం.

మొదటిది చేపలు దొరకగల తావులను తెలిపే ప్రకటన. దీనికి ఆధారమైన సూత్రం సులభమైనది. సముద్రంలో కొన్నిచోట్ల అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో పోషక లవణాలు ఎక్కువ. వాటిని ఆధారం చేసికొని సూక్ష్మమైన వృక్షప్లవకాలు పెరుగుతవి. వాటిని తినడానికి చిన్న జీవులు, వాటికోసం చిన్న చేపలు, చిన్న చేపలకోసం పెద్ద చేపలు చేరుతవి. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే హద్దులను ఉపగ్రహం ఉష్ణోగ్రతనుబట్టి గుర్తిస్తుంది. ప్లవకాలలోని పత్రహరితాన్ని నీటి రంగునుబట్టి పసికడుతుంది. ఈ విషయం ఆంధ్రదేశానికి కొత్తది కాదు. 1952–53లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ తూర్పు తీరంలో అడుగునీరు పైకి వచ్చే తీరును పరిశోధించి ప్రకటించాడు. ఆనాడు ఓడపై పోయి నీటిని తోడి కొలవవలసి వచ్చేది. ఈనాడు ఉపగ్రహం ఒక్కచూపులో బంగాళాఖాతమంతా చూస్తున్నది.

ప్రకటన కూర్పులో కొంత వివేకం ఉన్నది. కేవలం అక్షాంశ రేఖాంశాలతో ఊరుకొనక, ఫలానా రేవునుండి ఫలానా దిక్కుగా ఇన్ని కిలోమీటర్ల దూరాన, ఇన్ని మీటర్ల లోతున అని చెబుతున్నారు. తెలుగులోను ఇస్తున్నారు. వెదకులాట తగ్గి డీజిలు ఆదా అవుతున్నదనేది దీనివల్ల కలిగిన మేలు. అయితే ఎవరి డీజిలు? ఒడ్డునుండి నలభై, యాభై కిలోమీటర్ల దూరాన ఉన్న తావును గురించిన వార్త మరపడవ యజమానికి డబ్బుతో సమానం. తెప్పమీద పోయి చీకటి పడేలోగా తిరిగి రావలసిన జాలరికి అది ఇతరుల భాగ్యాన్ని గురించిన వార్త మాత్రమే. ఒకే సముద్రంలో బతికే ఇద్దరిలో బలవంతునికి మరింత బలం చేకూర్చే సమాచారం, బలహీనునికి తెలియకుండానే నష్టం కూడ కలిగించవచ్చు. ఒకే తావుకు పడవలన్నీ చేరితే రేవులో చేప ధర పడిపోతుంది. మరపడవల వలలో పడినది తెప్పవాని వలదాకా రాదు.

ఇది శాస్త్రం చేసిన తప్పు కాదు. ఒడ్డుకు దగ్గరి నీరు బురదతో, నదుల మట్టితో కలిసి ఉండడంవల్ల ఉపగ్రహానికి అక్కడి రంగు సరిగా చిక్కదు. మేఘాలు కమ్మినపుడు పరారుణ కిరణాలతో ఉష్ణోగ్రత తీయడం సాధ్యం కాదు. ఈ పరిమితులను శాస్త్రజ్ఞులు దాచలేదు. కాని తీరానికి దగ్గరగా వేటాడే చిన్నవానికి ఈ సేవ ఏమి ఇవ్వగలదు అనే ప్రశ్న మాత్రం సేవలోనే ఒక భాగం కావలసి ఉన్నది. భాష తెలుగైనంత మాత్రాన చాలదు. లోతును జాలరి మీటర్లలో ఎరుగడు, బారలలో ఎరుగును. బార అంటే రెండు చేతులు చాచిన పొడుగు, ఇంచుమించు ఆరడుగులు. ముప్పై మీటర్లు అనే మాట పక్కనే పదహారు బారలు అని వ్రాయడానికి కొత్త ఉపగ్రహం అక్కరలేదు.

రెండవది అలల ఎత్తును గురించిన ప్రకటన. పత్రికలలోను, రేడియోలోను ఇది తరచు ‘అలల ఎత్తు రెండు మీటర్లు’ అనే మాటగా వినవస్తుంది. విన్నవాడు రెండు మీటర్లకు మించిన అల రాదని అనుకొనడం సహజం. ఆ అర్థం తప్పు. సముద్రంలో అలలన్నీ ఒక ఎత్తున ఉండవు. వరుసగా నూరు అలలను కొలిచి, వాటిలో పెద్దవైన మూడవ వంతును, అనగా ముప్పైమూడింటిని వేరుచేసి, వాటి సగటు కడితే వచ్చే సంఖ్యనే శాస్త్రజ్ఞులు అల ఎత్తుగా ఇస్తారు. కనుక ఆ సగటును మించిన అలలు తప్పక ఉంటవి. ఇంచుమించు ప్రతి నూరు అలలలో ఒకటి దానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. మూడు గంటలసేపు సముద్రంలో ఉన్న పడవ దాదాపు రెండు రెట్ల అలను చూడవలసి రావచ్చు.

ఈ లెక్కను పడవలో కూర్చొన్నవాని కంటితో చూడాలి. అలకూ అలకూ నడుమ ఎనిమిది సెకనులు వ్యవధి అనుకొంటే, నూరు అలలు పోవడానికి 800 సెకనులు, అంటే పదమూడు నిమిషాల పైచిలుకు. ‘రెండు మీటర్లు’ అని విని బయలుదేరిన జాలరికి ఇంచుమించు పావుగంటకు ఒకసారి మూడు మీటర్ల అల ఎదురవుతుంది. మధ్యాహ్నం లోగా మూడున్నర, నాలుగు మీటర్ల అల ఒకటి రావచ్చు. పడవను తలక్రిందులు చేసేది సగటు అల కాదు, ఆ ఒక్క అల. ప్రకటన అబద్ధం చెప్పలేదు. కాని సంఖ్యతోపాటు దాని అర్థం ప్రయాణం చేయలేదు.

ఈ కొలతకు ఒక చరిత్ర ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యాలను ఒడ్డున దించడానికి అలల తీరు ముందుగా తెలియవలసివచ్చింది. స్వెర్‌డ్రుప్, మంక్ అనే శాస్త్రజ్ఞులు ఆ పని చేస్తూ, అనుభవంగల నావికుడు చూచి ‘అల ఇంత ఎత్తున్నది’ అని చెప్పే అంచనాకు సరిపోయేటట్లుగా ఈ మూడవ వంతు సగటును ఎన్నుకొన్నారు. నావికుని కన్ను చిన్న అలలను లెక్కపెట్టదు, పెద్దవాటినే చూస్తుంది. అంటే ఈ సంఖ్య సముద్రంమీద బతికేవాని కంటినుండే పుట్టింది. అది గణితంలోకి వెళ్ళి, యంత్రంలోకి వెళ్ళి, తిరిగి జాలరి వద్దకు వచ్చేసరికి అతడు గుర్తుపట్టలేని రూపం ధరించింది.

ఒక్క ఎత్తు తెలిసినా చాలదు. రెండు మీటర్ల అల దూరదూరంగా వచ్చినపుడు నడిసముద్రంలో పడవ దానిపై మెల్లగా ఎక్కి దిగుతుంది. అదే ఎత్తుగల అలలు దగ్గర దగ్గరగా, నిటారుగా వస్తే చిన్న పడవ నిలువదు. దూరంగా వచ్చే అలలే ఒడ్డు సమీపించి లోతు తగ్గినచోట నిట్టనిలువుగా లేచి విరుగుతవి. ఓడరేవు లేక, ఇసుక ఒడ్డునుండే పడవను నీటిలోకి తోసే ఊళ్ళు ఈ తీరంలో అనేకం. వారికి నడిసముద్రం కంటె ఒడ్డుకు వంద గజాల లోపలే గండం ఎక్కువ. ఇటీవల సముద్ర సమాచార కేంద్రం వారు అల ఎత్తు, నిటారుతనం, దిక్కుల వ్యాప్తి మొదలైనవాటిని పడవ వెడల్పుతో కలిపి లెక్కగట్టి, ఏ పడవకు ఎక్కడ అపాయమో చెప్పే చిన్న పడవల సూచనా పద్ధతిని ప్రవేశపెట్టారు. ఇది సరియైన దారి. ‘సముద్రం ఎట్లా ఉన్నది’ అనే ప్రశ్నను విడిచి ‘ఈ పడవ ఈరోజు పోవచ్చునా’ అనే ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం అందులో కనబడుతున్నది. ఇట్టి ప్రశ్నే తక్కిన సేవలన్నిటికీ మొదలు కావాలి.

మూడవది ప్రాణాపాయ హెచ్చరిక. తుపాను సమయంలో రేవులలో ఎగురవేసే ప్రమాద సంకేతాలకు ఒకటి మొదలు పదకొండు వరకు అంకెలున్నవి. ఒకటి, రెండు దూరపు హెచ్చరికలు. మూడు, నాలుగు స్థానికమైనవి. అయిదునుండి ఏడువరకు ప్రమాదం, ఎనిమిదినుండి పదివరకు మహాప్రమాదం. పదకొండు వస్తే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయినవని అర్థం. ప్రమాద సంకేతాలలో ఒకే తీవ్రతకు మూడేసి అంకెలు ఉండడానికి కారణం, తుపాను రేవుకు ఏ ప్రక్కగా తీరం దాటుతుందో ఓడ నడిపేవానికి తెలియజేయడం. ఓడ కెప్టెనుకు ఇది ఎంతో ఉపయోగం. ఊరివాడు దాన్ని పరీక్షలో మార్కులవలె అర్థం చేసికొంటాడు. అయిదుకన్న ఏడు ఎక్కువ ప్రమాదమనీ, అయిదైతే ఇంకా ఫరవాలేదనీ అనుకొంటాడు. ఓడల కోసం పుట్టిన సంకేతాన్ని అనువదించి గుడిసెలో ఉన్నవానికి వినిపిస్తే ఏర్పడే ఇబ్బంది ఇది.

సునామీ ప్రకటనలలోను ఇట్టి చిక్కు ఉన్నది. అల రెండు మీటర్లకు మించుతుందని అంచనా ఉంటే ఒక స్థాయి, అరమీటరునుండి రెండు మీటర్లవరకు రెండవ స్థాయి, అంతకు తక్కువైతే మూడవ స్థాయి. ఆంగ్లంలో ఈ మూడింటికి మూడు పేర్లున్నవి. తెలుగులో చెప్పేటపుడు మూడూ ‘హెచ్చరిక’, ‘అప్రమత్తం’, ‘జాగ్రత్త’ అనే ఒకే కుదురు మాటలుగా మారిపోయే ప్రమాదం ఉన్నది. వినేవానికి తేడా తెలియదు. కాని చేయవలసిన పనిలో తేడా స్పష్టం. మొదటి దానికి ఊరు విడిచి ఎత్తైన చోటికి పోవాలి. రెండవ దానికి ఒడ్డున ఉండరాదు. మూడవ దానికి నీటిలో దిగరాదు. ప్రకటనకు ఈ మూడు క్రియలనే పేర్లుగా పెడితే నిఘంటువు అక్కరలేదు.

హెచ్చరిక అర్థమైనపుడు ఎంత భేదం కలుగుతుందో కృష్ణాజిల్లాకు తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించారు. తుపాను వస్తున్నదన్న వార్త ఉన్నది. కాని ‘తుపాను’ అంటే గాలివాన అని తెలిసినవారికి, దానివెంట అయిదు మీటర్ల ఎత్తున సముద్రమే ఊరిలోకి నడిచి వస్తుందని తోచలేదు. ఏ ఊరికి ఎంత నీరు వస్తుందో లెక్కగట్టి చెప్పే పద్ధతి అప్పటికి అమలులో లేదు. 1990 మే 9న అదే ప్రాంతంలో అంతటి భీకరమైన తుపానే తీరం దాటింది. అప్పటికి లక్షల జనాన్ని ముందుగా తరలించడంవల్ల మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. ఆ సంఖ్య కూడ తక్కువది కాదు. కాని ఆ పదమూడు సంవత్సరాలలో పెరిగింది పరికరాల శక్తి ఒక్కటే కాదు. ‘లేచి పొండి’ అని చెప్పే వ్యవస్థ, ఆ మాట విని లేచే నమ్మకం కూడ పెరిగినవి.

నమ్మకం అనేది ఒకవైపు ప్రకటనలతో పెరిగేది కాదు. 2019లో జెమిని అనే చిన్న పరికరాన్ని ప్రవేశపెట్టారు. సెల్‌ఫోను సంకేతం ఒడ్డునుండి పది, పన్నెండు కిలోమీటర్లు దాటి పనిచేయదు. ఈ పరికరం ఉపగ్రహం నుండి హెచ్చరికను అందుకొని నడిసముద్రంలో సైతం జాలరి ఫోనుకు అందిస్తుంది. గొప్ప సౌకర్యమే. కాని అది వినగలదు, మాటాడలేదు. పడవ మునుగుతుంటే దానిద్వారా చెప్పడానికి వీలులేదు. 2024లో మరపడవలకు అమర్చడం ప్రారంభించిన పరికరాలు ఈ లోపాన్ని కొంత పూరిస్తున్నవి, వాటితో పడవనుండి ఒడ్డుకు సందేశం పంపవచ్చు. అయినా ఆపదలో పంపే సందేశం ఒకటి, ప్రతిదినం పంపే సందేశం మరొకటి. ‘మీరు చెప్పినచోట చేప లేదు’, ‘మీరు మీటరున్నర అన్నారు, మా రేవు ముఖాన మనిషిలోతు అల లేచింది’ అని జాలరి చెప్పేది ఎవరి పుస్తకంలో ఎక్కుతున్నది? ఆ మాటలు ఫిర్యాదులు కావు, పరిశీలనలు. ఉపగ్రహానికి సరిగా చిక్కని తీరజలాలలో ప్రతి ఉదయం వేలమంది దిగి చూచి వస్తున్నారు. వారి చూపును లెక్కలోకి తీసుకొనని శాస్త్రం తన పరికరాలలో ఒకదాన్ని వాడక పారవేసినట్లే.

రెండువైపుల దారి సాధ్యమేనని చూపిన ఊళ్ళున్నవి. 1998లో పుదుచ్చేరి దగ్గర వీరంపట్టినంలో స్వామినాథన్ పరిశోధన సంస్థ నెలకొల్పిన సమాచార కేంద్రంలో, అమెరికా నౌకాదళం వారు ఇంటర్నెట్‌లో ఉంచిన అలల అంచనాను తీసికొని తమిళంలో వ్రాసి, ఒడ్డున మైకులో చదివేవారు. చదివేవారు ఆ ఊరివారే కాబట్టి, తప్పు చెబితే సాయంకాలం వారిని నిలదీసేవారు కూడ ఉండేవారు. ఒడిశాలో గంజాం జిల్లా వెంకటరాయపూర్, జగత్సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి అనే రెండు ఊళ్ళు 2020లో సునామీకి సంసిద్ధమైన గ్రామాలుగా యునెస్కో గుర్తింపు పొందినవి. గంజాం తీరంలో నోలియాలు అని పిలువబడే జాలరులు తెలుగు మాటాడేవారు. ఆ గుర్తింపు హెచ్చరిక అందే యంత్రం ఉన్నందుకు మాత్రమే ఇచ్చేది కాదు. నీరు ఎంతవరకు రాగలదో చూపే పటం, ఎటు పోవాలో తెలిపే గుర్తులు, ఎవరు ఎవరిని లేపాలో నిర్ణయించిన సంఘం, ఆ ప్రకారం నడిచి చూచే అభ్యాసం ఊరిలో ఉండాలి. హైదరాబాదులో పుట్టిన లెక్క అక్కడ వీధిగా, మెట్టగా, పొరుగువాని తలుపుగా మారింది.

పై పరిశీలనలో తేలిన సంగతి ఒకటే. సమాచారం ప్రయోగశాలలో సగమే తయారవుతుంది. రెండవ సగం రేవులో, వినేవాని పనితో, మాటతో, కొలతతో కలిసి తయారు కావాలి. ఈ రెండవ సగాన్ని అనువాదకుని పనిగా, ప్రచారకుని పనిగా భావించి చివరకు వదలివేయడమే ప్రస్తుత లోపం. ప్రకటన తయారయ్యే చోటనే రేవులనుండి వచ్చిన జాలరులు కొందరు కూర్చొని, మాట మాటకు ‘ఇది విని నేనేమి చేయాలి’ అని అడిగే ఏర్పాటు ఉంటే, సంఖ్యలోని సందిగ్ధాలు అక్కడే తీరిపోతవి.

ఈ పనిలో పాఠశాలలకు భాగం ఉన్నది. తీరప్రాంతపు ఉన్నత పాఠశాలలో సగటును గురించి పాఠం చెప్పే ఉపాధ్యాయుడు మార్కుల సగటుకు బదులు అలల సగటును తీసికొనవచ్చు. పిల్లలు ఒడ్డునుండి దూరంగా సురక్షితమైనచోట నిలిచి, రేవులో పాతిన కర్రకు తగిలే నూరు అలలను చూచి వ్రాసికొని, పెద్దవైన ముప్పైమూడింటిని వేరుచేసి సగటు కట్టి, ఆనాటి ప్రకటనతో పోల్చవచ్చు. ఒడ్డు దగ్గరి అల నడిసముద్రపు అలతో ఎందుకు సరిపోదో తరగతిలో చర్చించవచ్చు. మీటర్లను బారలుగా మార్చే పట్టిక ఒకటి తయారుచేసి రేవు గోడపై అంటించవచ్చు. హైదరాబాదు విద్యార్థికి సముద్రం దూరమైనా, భూకంప తరంగానికి, సముద్ర తరంగానికి గల వేగాల తేడాను లెక్కగట్టి, ఆ తేడాలో ఎన్ని నిమిషాలు మిగులుతవో చూడడం అతనికి కష్టం కాదు.

ఆ నిమిషాలే ఈ శాస్త్రానికి ఫలం. అవి తీరవాసి చేతికి అందితేనే అందినట్లు. సాయంకాలం ప్రకటన విన్న ఇంటిలో, తెల్లవారుజామున వల భుజాన వేసికొన్న తండ్రిని, ‘నాయనా, రెండు మీటర్లంటే మూడు మీటర్ల అల కూడ వస్తుంది, ఈరోజు పోవద్దు’ అని బడిలో చదివే కొడుకు ఆపగలిగిననాడు ఆ లెక్క పూర్తి అయినట్లు భావించవచ్చు.